ఉక్కు గొట్టం, రెండు లివర్లు

పాత రేసింగ్ సైకిల్‌ని పక్కనుంచి చూడండి. హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ళ వైపు ఏటవాలుగా దిగే గొట్టం మీద, పైనుంచి జానెడు కిందికి, చెరో పక్క ఒక్కో చిన్న లివరు ఉంటుంది. చూపుడువేలంత పొడవు. గేర్లు మార్చేది వాటితోనే. హ్యాండిల్ మీద బటన్లుండవు, అంకెలుండవు, గేరు పడిందని చెప్పే 'టిక్' చప్పుడు కూడా ఉండదు. కుడి లివరు వెనక చక్రం దగ్గరి పళ్ళచక్రాల కోసం, ఎడమది పెడళ్ళ దగ్గరి వాటి కోసం. గేరు మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి కిందికి చాచాలి. 1950ల నుంచి 1980ల చివరి దాకా రోడ్డు మీద జరిగిన పెద్ద సైకిల్ పందేల్లో దాదాపు అందరూ తొక్కింది ఇలాంటి ఏర్పాటుతోనే. ఎడీ మెర్క్స్ అయిదుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచినా, బెర్నార్డ్ ఇనో అయిదుసార్లు గెలిచినా, చెయ్యి కిందికి చాచి లివరు లాగినవాళ్ళే.

ఇప్పటి ఖరీదైన రోడ్ సైకిల్‌కి కార్బన్ ఫైబర్ ఫ్రేము, బ్యాటరీతో కదిలే గేర్లు, ఫ్రేము లోపలి నుంచి వెళ్ళే బ్రేకు గొట్టాలు. అది అద్భుతమైన యంత్రమే. అయినా పల్చటి ఉక్కు గొట్టాల ఫ్రేమునీ, ఆ రెండు లివర్లనీ వెతికి మరీ కొనుక్కునేవాళ్ళు అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో ఉన్నారు. పాతదంటే మోజు అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. మోజు ఉన్న మాట నిజమే, కానీ దానికి కింద గట్టి ఇంజనీరింగ్ కారణం ఉంది. ఏ యంత్రమైనా పని చేయాలంటే ఎక్కడో ఒకచోట ఖచ్చితత్వం ఉండాలి. దాన్ని కర్మాగారంలో తయారైన భాగాల్లో పెట్టవచ్చు, లేదా వాడే మనిషి చెవిలో, వేళ్ళలో పెట్టవచ్చు. ఈ సైకిల్ రెండో దారి పట్టింది. అది చవగ్గా ఉండటానికీ, పల్లెటూళ్ళో కూడా బాగుచేసుకోగలగడానికీ, నలభై ఏళ్ళయినా నడుస్తూ ఉండటానికీ మూలం అక్కడే.

లివరుని విప్పి చూద్దాం. గొట్టానికి అతికించిన చిన్న ఇరుసు. దాని మీద పల్చటి వాషరు, ఆపైన లివరు, మళ్ళీ వాషరు, ఒక మూత, అన్నిటినీ కలిపి బిగించే మర. ఆ మర తలకి సగం చందమామ ఆకారంలో ఒక రింగు. స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా, సైకిల్ నడుస్తూండగానే వేళ్ళతో తిప్పి బిగించుకోవడానికి. లివరు మొదట్లో ఉన్న గాడిలో సన్నటి ఉక్కు తీగ ఒకటి చుట్టుకుని ఉంటుంది. అది గొట్టం వెంబడి దిగి, పెడళ్ళ ఇరుసు కిందుగా వెనక్కి పోయి, డీరెయిలర్‌ని పట్టుకుంటుంది. చైనుని ఒక పళ్ళచక్రం మీద నుంచి తప్పించి పక్కదాని మీదికి తోసేది డీరెయిలరే. నాలుగు కీళ్ళున్న సమాంతర చతుర్భుజం కాబట్టి అది వంకర పోకుండా అడ్డంగా జరుగుతుంది. దానిలో ఒక స్ప్రింగు. లివరు లాగితే తీగ బిగిసి చైను పెద్ద పళ్ళచక్రం వైపు వెళ్తుంది. లివరు ముందుకి తోస్తే తీగ వదులై, స్ప్రింగు చైనుని చిన్న పళ్ళచక్రం వైపు గుంజుకుంటుంది.

స్ప్రింగు క్షణం కూడా ఊరుకోదు, తీగని తన వైపు లాగుతూనే ఉంటుంది. మరి లివరు పెట్టినచోట ఎలా నిలబడుతోంది? వాషర్ల మధ్య రాపిడి వల్ల. మర బిగిస్తే వాషర్లు ఒకదాన్నొకటి గట్టిగా అదుముతాయి, ఆ అదుముడుతో పాటే రాపిడి పెరుగుతుంది. స్ప్రింగు లాగే బలం కన్నా రాపిడి కొంచెం ఎక్కువైతే చాలు. వదులైతే ఎత్తు ఎక్కుతూండగా గేరు దానంతటదే జారిపోతుంది. మరీ బిగిస్తే వేలు నొప్పెడుతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. కదలకుండా ఉన్న వస్తువుని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదులుతూ ఉంచడానికి కావలసినదానికన్నా ఎక్కువ. అందుకని నాసిరకం లివరు కాసేపు మొరాయించి, ఒక్కసారిగా ముందుకి ఉరుకుతుంది. రెండోది: వెనక్కి లాగేటప్పుడు వేలు స్ప్రింగునీ రాపిడినీ రెంటినీ గెలవాలి, ముందుకి వదిలేటప్పుడు స్ప్రింగే సాయం వస్తుంది. కాబట్టి ఒకవైపు బరువు, ఇంకోవైపు తేలిక. జపాన్‌కి చెందిన సన్‌టూర్ కంపెనీ దీనికి లివరు లోపల చాలా సన్నటి పళ్ళున్న రాట్చెట్ పెట్టింది. లాగేటప్పుడు అది పళ్ళ మీదుగా జారిపోతుంది, రాపిడి అడ్డు రాదు. వదిలేటప్పుడు మాత్రమే రాపిడి పట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లోని సింప్లెక్స్ కంపెనీ ఇదే పనికి చుట్టలు చుట్టిన స్ప్రింగుని వాడింది. ఒకవైపు తిప్పితే స్ప్రింగు లోపలి ఇరుసుని బిగించి పట్టుకుంటుంది, రెండోవైపు తిప్పితే చుట్ట విచ్చుకుని వదిలేస్తుంది. బొటనవేలంత చోటులో ఇంత ఆలోచన. బాగున్న సింప్లెక్స్ లివరు లాగితే వేలికి తగిలే మెత్తదనం మరే గేరు లివరులోనూ నాకు కనపడలేదు.

ఈ లివరు తొక్కేవాడికి చెప్పేది ఏమీ లేదు. ఎంత లాగాలో తొక్కేవాడే తెలుసుకోవాలి. ఎదురుగా ఎత్తు వస్తోంది, గేరు తగ్గించాలి. పెడల్ మీద ఒత్తిడి కాస్త సడలించి, కుడి చెయ్యి కిందికి దింపి, లివరుని వెనక్కి లాగుతారు. చైను పక్క పళ్ళచక్రం అంచుని గీరుతుంది. ఇంకొంచెం లాగితే దాని పళ్ళ మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఇంకా గరగరమంటోందా, అయితే చైను సరిగ్గా మధ్యలో లేదు. లివరుని వెంట్రుకవాసి ముందుకి నెడితే చప్పుడు ఆగిపోతుంది. ఇదంతా సెకనులో జరిగిపోతుంది. నియంత్రణ శాస్త్రం భాషలో ఇదొక మూసిన వలయం: చెవీ పాదమూ కొలిచే పరికరాలు, మెదడు తేడా లెక్కకట్టేది, వేలు సరిదిద్దేది. గేరు మార్చిన ప్రతిసారీ తప్పు అక్కడికక్కడే దిద్దుబాటవుతుంది. తీగ కాస్త సాగినా, డీరెయిలర్ కీళ్ళు అరిగినా, పళ్ళచక్రాల మధ్య దూరం ఏమైనా ఈ వలయం అన్నిటినీ తనలో కలుపుకుంటుంది.

ఈ లివర్లు అంత తేలిగ్గా పందేల్లోకి రాలేదు. టూర్ ద ఫ్రాన్స్‌ని మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కి డీరెయిలర్లంటే గిట్టేది కాదు. పందెంలో అవి వాడకూడదన్న నిషేధం 1937లో గాని పోలేదు. అంతకుముందు పందెగాళ్ళు కొండ మొదట్లో ఆగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపున్న పళ్ళచక్రం చైనుకి వచ్చేలా తిప్పి బిగించుకునేవారు. ఇటలీలో తుల్లియో కంపాన్యోలో 1950 ప్రాంతంలో సమాంతర చతుర్భుజపు డీరెయిలర్ తెచ్చాక అసలు దారి పడింది. సన్‌టూర్ 1964లో ఆ చతుర్భుజాన్ని ఏటవాలుగా పెట్టి, చైనుని తోసే చిన్న చక్రం ప్రతి పళ్ళచక్రానికీ ఒకే దూరంలో నడిచేలా చేసింది. ఇప్పటి డీరెయిలర్లలో ఎక్కువ భాగం ఆ ఏటవాలు మీదే నడుస్తున్నాయి.

1984లో షిమానో తన డ్యురా ఏస్ సెట్‌తో టిక్ టిక్‌మనే లివరుని తెచ్చింది. లివరు లోపల మెట్లు, ఒక మెట్టుకి ఒక గేరు. తొక్కేవాడు వినాల్సిన పని లేదు, సరిదిద్దాల్సిన పని లేదు. కానీ ఈ సుఖం వెనకున్న లెక్క చూడండి. ఎనిమిది పళ్ళచక్రాల షిమానో వరసలో ఒక చక్రానికీ పక్కదానికీ మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు. ఆ కాలపు డీరెయిలర్ తీగ కదిలినదానికి 1.7 రెట్లు కదులుతుంది. అంటే ఒక మెట్టుకి తీగ 2.8 మిల్లీమీటర్లు లాగాలి. తీగ అర మిల్లీమీటరు సాగిందంటే చైను దాదాపు 0.85 మిల్లీమీటరు పక్కకి జరిగిపోయినట్టే. పదకొండు పళ్ళచక్రాల వరసలో ఆ దూరం సుమారు 3.7 మిల్లీమీటర్లకి తగ్గింది, ఓర్చుకునే ఎడం ఇంకా చిక్కిపోయింది. లివరు మెట్లు, తీగ, తీగ మీది తొడుగు, డీరెయిలర్ నిష్పత్తి, పళ్ళచక్రాల ఎడం, డీరెయిలర్‌ని మోసే కొక్కెం, అన్నీ ఒకదానికొకటి కుదరాలి. ఒక్కటి తప్పితే మొత్తం గొడవ. ఒక కంపెనీ లివరు ఇంకో కంపెనీ డీరెయిలర్‌కి పనికి రాకపోవడం, తొమ్మిది గేర్ల లివరు పదికి పనికి రాకపోవడం ఇక్కడినుంచే మొదలైంది.

వీణకి మెట్లున్నాయి, ఫిడేలుకి లేవు. వీణ మీద మేళం, అంటే మెట్ల అమరిక, ఎవరో ముందే కట్టి ఉంచాలి. మేళం చెడితే వాయించే మనిషి ఎంత విద్వాంసుడైనా బాధ తప్పదు. ఫిడేలు మీద స్వరం ఎక్కడుందో వేలూ చెవీ కలిసి ప్రతిసారీ వెతుక్కుంటాయి. పాత లివరు ఫిడేలు జాతిది.

అందుకే దానికి ఎన్ని పళ్ళచక్రాలున్నా ఒకటే. అయిదైనా, ఏడైనా, తొమ్మిదైనా, ఏ కంపెనీవైనా పని చేస్తుంది. పదకొండు, పన్నెండుకి వెళ్తే మాత్రం చక్రాల ఎడం మరీ సన్నగిల్లి వేలికి కష్టమవుతుంది. కొన్ని లివర్లకి అంత తీగ లాగే చోటూ ఉండదు. ఏడెనిమిది దగ్గర ఆగడం మంచిది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టిక్ టిక్ గేర్ల కోసమని 1980ల చివర షిమానో పళ్ళచక్రాల పక్కల్లో చిన్న చిన్న వాలులు, కోసిన పళ్ళు పెట్టింది. చైను వాటి మీదుగా తేలిగ్గా ఎక్కుతుంది. అవి పాత లివరుకీ అంతే మేలు చేశాయి. 1970ల నాటి లివరుకి ఈనాటి ఎనిమిది పళ్ళచక్రాల క్యాసెట్ కలిపితే, అప్పటి పందెగాళ్ళు ఎన్నడూ చూడనంత నునుపుగా గేరు మారుతుంది. తీగ దారి కూడా కలిసొస్తుంది. గొట్టం మీది లివరు నుంచి వెనక దాకా తీగ చాలా మేరకు ఏ తొడుగూ లేకుండా తిన్నగా పోతుంది. డీరెయిలర్ దగ్గర మాత్రమే చిన్న వంపు, దానికి చిన్న తొడుగు ముక్క. వంపులు తక్కువైతే రాపిడి తక్కువ, దుమ్ము చేరే చోటూ తక్కువే.

లోపాలు దాచనక్కర్లేదు. చెయ్యి తీయకుండా గేరు మారదు. నిలబడి తొక్కుతూ ఎత్తు ఎక్కేటప్పుడు లివరు అందదు. గుంపులో పందెం తొక్కేవాళ్ళకి ఇది నిజమైన ఇబ్బంది. 1990లో బ్రేకు పిడిలోనే గేరు లివరు కలిపేసిన షిమానో పద్ధతి వచ్చాక పందెగాళ్ళు దాదాపు అందరూ కొద్ది ఏళ్ళలోనే అలాంటి లివర్లకి మారిపోయారు, మారడం సబబే. అయినా 1998 టూర్ గెలిచిన మార్కో పంతానీ సైకిల్ మీద ఎడమ లివరు గొట్టం మీదే ఉండేది. ముందు పళ్ళచక్రాల మధ్య మార్పు అరుదు, కొండల్లో ప్రతి గ్రామూ లెక్కే. హైదరాబాద్ లాంటి చోట ఆటోల మధ్య తొక్కాల్సినవాళ్ళకి, అప్పుడే సైకిల్ నేర్చుకున్నవాళ్ళకి గొట్టం మీది లివర్లు కొనమని నేను చెప్పను. అదే రాపిడి లివరుని హ్యాండిల్ చివర్లలో గాని, బొటనవేలికి అందేలా హ్యాండిల్ మీద గాని బిగించుకోవచ్చు. గుణం అదే, చెయ్యి మాత్రం తీయనక్కర్లేదు.

మన ఊళ్ళలో దీని అవసరం ఏమిటో తెలియాలంటే ఏ కాలేజీ సైకిల్ స్టాండ్‌లోనైనా గేర్ల సైకిళ్ళని చూడండి. పద్దెనిమిది గేర్లు, ఇరవై ఒక్క గేర్లు అని ఫ్రేము మీద రాసి ఉంటుంది. కొన్న కొత్తలో మోజుగా మారుస్తారు. కొన్నాళ్ళకి తీగ సాగుతుంది, తొడుగులో దుమ్ము చేరుతుంది, డీరెయిలర్ కొక్కెం ఎక్కడో తగిలి వంగుతుంది. మెట్లు ఒక చోట, పళ్ళచక్రాలు ఇంకో చోట. నొక్కితే గేరు పడదు, పడితే ఉండదు. వీధి చివరి మెకానిక్ దాన్ని ఏదో ఒక గేరులో కదలకుండా కట్టేస్తాడు, ఆ పిల్లవాడు ఇక మీదట బరువైన ఒంటి గేరు సైకిలే తొక్కుతాడు. తప్పు మెకానిక్‌ది కాదు. చవక భాగాల్లో లేని ఖచ్చితత్వాన్ని ఆ యంత్రం అడుగుతోంది. అదే సైకిల్‌కి రాపిడి లివరు ఉంటే, కొక్కెం కాస్త వంగినా పిల్లవాడి వేలే సర్దుకునేది. చవక సైకిల్‌కే ఈ పాత లివరు ఎక్కువ అవసరం, అక్కడి నుంచీ దాన్ని తీసేశారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు ఉక్కు. ఇక్కడా ఓర్పే ముఖ్యం, కానీ లెక్కలు వేరు.

ఏ లోహమైనా బరువు పడితే ఎంత వంగుతుందో చెప్పే కొలత ఉంది, యంగ్ గుణకం. ఉక్కుకి సుమారు 200 గిగాపాస్కల్‌లు, టైటానియంకి 110, అల్యూమినియంకి 70. సాంద్రత కూడా దాదాపు అదే పాళ్ళలో ఉంటుంది: ఘన సెంటీమీటరుకి ఉక్కు 7.8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7. భాగించి చూస్తే మూడూ ఇంచుమించు ఒకే చోటికి వస్తాయి. ఇంకో విశేషం ఉంది. నాసిరకం ఉక్కయినా, మేలురకం క్రోమ్ మాలిబ్డినం ఉక్కయినా యంగ్ గుణకం దాదాపు ఒక్కటే. ఒకే కొలతల గొట్టాలు రెండూ ఒకేలా వంగుతాయి. మారేది బలం: ఎంత వంచితే మళ్ళీ తిన్నగా రాకుండా పోతుందన్న హద్దు. మేలురకానికి ఆ హద్దు ఎక్కువ కాబట్టి గొట్టం గోడని పల్చన చేయవచ్చు, బరువు తగ్గించవచ్చు. ఖరీదైన ఉక్కు ఫ్రేములో మనం డబ్బు పెట్టేది ఆ పల్చదనానికే.

పల్చగా ఎంతవరకు? గొట్టాలు అతుక్కునే చోట వేడి తగిలి లోహం మెత్తబడుతుంది, పైగా ఒత్తిడంతా అక్కడే. అక్కడ మందం కావాలి, నడుమ అక్కర్లేదు. బర్మింగ్‌హామ్‌లో మేకులు తయారుచేసే కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు: బయట వ్యాసం అంతటా ఒకటే, లోపల మాత్రం చివర్లు మందం, నడుమ పల్చన. మంచి ఫ్రేములో ఒక గొట్టం చివర్లు 0.8 మిల్లీమీటరు, నడుమ 0.5 ఉండవచ్చు. గోటితో కొడితే మధ్యలో ఒక నాదం, చివర్లలో ఇంకో నాదం. 1935లో ఆ కంపెనీ మాంగనీస్, మాలిబ్డినం కలిపిన 531 అనే ఉక్కుని తెచ్చింది. దశాబ్దాల పాటు పందెం సైకిళ్ళకి అదే ప్రమాణం. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ టైప్ కారులో ఇంజన్ని మోసే చట్రానికీ అవే గొట్టాలు వాడారు. ఆ రేనాల్డ్స్ ఉన్న ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ గ్రూపే మురుగప్పా కుటుంబంతో కలిసి 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో సైకిళ్ళ కంపెనీ పెట్టింది. మన తాతలు పొలానికీ, బడికీ, సంతకీ తొక్కిన హెర్క్యులిస్ సైకిల్ అక్కడిదే.

ఆ హెర్క్యులిస్ ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే, హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట రంగు కాస్త గీకి చూడండి. గొట్టాలు నేరుగా కలవవు. ఒక ఉక్కు తొడుగులోకి దూరి ఉంటాయి. దాన్నే లగ్గు అంటారు. గొట్టానికీ లగ్గుకీ మధ్య మిల్లీమీటరులో పదోవంతు ఖాళీ ఉంటుంది. చేత్తో ఫ్రేము కట్టేవాళ్ళు ఆ చోటికి కంసాలులు వాడే వెలిగారం లాంటి పదార్థం పూసి, మంటతో ఎర్రగా కాల్చి, ఇత్తడి తీగ అంచుకి ఆనిస్తారు. సుమారు 900 డిగ్రీల దగ్గర ఇత్తడి కరిగి, కేశనాళికీయత వల్ల ఆ సన్నటి సందులోకి తనంతట తానే పాకిపోతుంది. ఒక అంచున పెట్టిన ఇత్తడి అవతలి అంచున బంగారు గీతలా బయటికి వస్తే అతుకు లోపలంతా నిండినట్టు. ఉక్కు కరగాలంటే సుమారు 1500 డిగ్రీలు కావాలి, కాబట్టి గొట్టం కరగదు. మళ్ళీ కాల్చి ఇత్తడిని కరిగిస్తే పాడైన గొట్టాన్ని బయటికి లాగి కొత్తది పెట్టవచ్చు. ఇలా విప్పి మళ్ళీ కట్టడం కార్బన్‌తో కుదరదు, అల్యూమినియంతో బహుకష్టం.

ఉక్కు విరిగే తీరు కూడా మనిషికి అనుకూలం. 1850లలో, 60లలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో ఏళ్ళ తరబడి పరీక్షించాడు. ఒక్కసారి పడే పెద్ద బరువు కన్నా, లక్షలసార్లు పడే చిన్న బరువు ప్రమాదకరమని తేల్చాడు. ఉక్కుకి మాత్రం ఒక హద్దు కనపడింది. దాని గరిష్ఠ బలంలో సుమారు సగానికి లోపు ఒత్తిడి ఉంటే, ఎన్ని లక్షలసార్లు వేసినా అలసి విరగదు. అల్యూమినియంకి అలాంటి గట్టి హద్దు లేదు. ఎంత చిన్న ఒత్తిడైనా లెక్కలోకి వస్తుంది, అందుకే అల్యూమినియం ఫ్రేములని లావు గొట్టాలతో, అసలే వంగనివ్వకుండా కడతారు. నిమిషానికి 80 చుట్ల చొప్పున తొక్కితే గంటకి 4,800 చుట్లు. 210 గంటలు తిరక్కుండానే పది లక్షలు దాటిపోతాయి. ఏళ్ళ తరబడి తొక్కే సైకిల్‌కి ఆ హద్దు ఉండటం చిన్న విషయం కాదు. తుప్పు ఆ హద్దుని కిందికి దించేస్తుంది. విశాఖలో, కాకినాడలో, సముద్రపు గాలి తగిలే ఏ ఊళ్ళోనైనా ఉక్కు ఫ్రేము లోపల ఏడాదికోసారి నూనె తిప్పాలి, సీటు గొట్టానికి గ్రీజు రాయాలి. రంగు లేచిపోయిన చోట తుప్పు కంటికి కనపడుతుంది. లోపలిది కనపడదు, చెరిచేది అదే.

ఉక్కు ఫ్రేము మీద ఒళ్ళు కుదపదు, మెత్తగా ఉంటుంది అని చాలామంది చెప్తారు. అందులో ఫ్రేము పాత్ర తక్కువ. త్రికోణాలుగా కట్టిన ఫ్రేము పైనుంచి కిందికి వంగేది చాలా స్వల్పం, గాలి నింపిన టైరు వంగేది మిల్లీమీటర్లలో. పాత ఉక్కు సైకిళ్ళకి ఫోర్కు దగ్గర, వెనక బ్రేకు దగ్గర చోటెక్కువ, కాబట్టి 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు పడతాయి. మెత్తదనం అక్కడిది. ముందుకి వంపు తిరిగిన సన్నటి ఫోర్కు కొంత తోడ్పడుతుంది. టైరు లావు పెంచి, గాలి కాస్త తగ్గించండి. అల్యూమినియం సైకిలైనా మెత్తబడుతుంది.

బరువు సంగతి లెక్కకట్టుకుంటే తేలిపోతుంది. అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య పందేలకి పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు. సాధారణమైన ఉక్కు రోడ్ సైకిల్ పది కిలోలనుకుందాం. తేడా సుమారు మూడు కిలోలు. వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఆ మూడు కిలోలకి అయ్యే శక్తి 29,400 జౌళ్ళు. మామూలు మనిషి పెడళ్ళ మీద 150 వాట్లు పెడితే, మూడు నిమిషాల పైచిలుకు. డెబ్భై కిలోల మనిషికి ఆ కొండ ఎక్కడానికి ఎటూ గంటన్నర దాకా పడుతుంది. చదునైన రోడ్డు మీద అడ్డుపడేది గాలి. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో పడే శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, అక్కడ సైకిల్ బరువు లెక్కకే రాదు. అరకు ఘాట్ ఎక్కి పందెం గెలవాలనుకునేవాళ్ళకి మూడు నిమిషాలు ప్రాణం. తక్కినవాళ్ళకి అది దారిలో ఒక టీ తాగేంత సేపు కూడా కాదు.

ఇటలీలో టస్కనీ కొండల మధ్య గయోలే ఇన్ కియాంతి అనే ఊరుంది. 1997 నుంచి అక్కడ ఏటా లెరోయికా అనే సైకిల్ యాత్ర జరుగుతోంది. తెల్లటి మట్టి రోడ్ల మీద. సైకిల్ 1987కి ముందుదై ఉండాలి, గేరు లివర్లు గొట్టం మీదే ఉండాలి, పాదాలకి పట్టీలు, బ్రేకు తీగలు హ్యాండిల్ బయట. ఈ యాత్ర మొదలైనప్పుడు ఆ మట్టి రోడ్లకి తారు వేయకుండా కాపాడాలన్నది దాని ఆశయాల్లో ఒకటి. తర్వాత 2007లో అదే రోడ్ల మీద స్త్రాదె బియాంకె అనే వృత్తి పందెం పుట్టింది. దాదాపు నలభై ఏళ్ళో, అంతకు పైనో అయిన సైకిళ్ళు ఆ మట్టిలో ఎక్కుతూ దిగుతూ పోవడం, ఫ్రేము మీద లగ్గులు మెరవడం చూస్తే మనసు నిండిపోతుంది. ఆ సైకిళ్ళలో చాలావాటి భాగాలు మూడు నాలుగు వేరువేరు కంపెనీలవి. లివరు ఒకరిది, డీరెయిలర్ ఇంకొకరిది, చైను నిన్న కొన్నది. మెట్లున్న లివరుతో ఇలా కలపడం కష్టం.

నాకొక కోరిక ఉంది. లగ్గులతో ఫ్రేము కట్టడం లూధియానాకీ అంబత్తూరుకీ దశాబ్దాలుగా వచ్చిన విద్య. అక్కడ ఇలాంటి సైకిల్ ఒకటి కట్టాలి: క్రోమ్ మాలిబ్డినం గొట్టాలు, 32 మిల్లీమీటర్ల టైర్లు, మడ్‌గార్డు పట్టేంత ఎడం, ముందు ఒక్కటే పళ్ళచక్రం, వెనక ఏడు, వాటికి ఒక్క రాపిడి లివరు. ముందు డీరెయిలర్ అక్కర్లేదు. చైను అంగుళంలో సగం, అంటే 12.7 మిల్లీమీటర్ల అడుగుదే. సైకిల్ చైన్లన్నీ ఒంటిగేరు రోడ్‌స్టర్ నుంచి పందెం సైకిల్ దాకా ఆ అడుగు మీదే నడుస్తాయి. ఓవరాయిలింగ్ చేయడం వచ్చిన ఏ మెకానిక్ అయినా దాన్ని విప్పి బిగించగలడు. ఇలాంటి సైకిల్ ఒక డిగ్రీ విద్యార్థికి కొనుక్కోగలిగే ధరలో దొరికితే, గేర్లు నిజంగా వాడేవాళ్ళు మన రోడ్ల మీద కనపడతారు.

అమెరికాలో, జర్మనీలో చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లలకి ఇప్పటికే ఆ అదృష్టం ఉంది. 1970ల మొదట్లో అమెరికాలో సైకిళ్ళు కోట్లలో అమ్ముడుపోయాయి, వాటిలో ప్యూజో, రాలీ, ష్విన్ లాంటివి ఇంకా గరాజుల్లో దుమ్ము పట్టి ఉన్నాయి, తక్కువ ధరకే వస్తాయి. కొనేముందు నాలుగు చూడాలి. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు మొదలయ్యేచోట అడుగువైపు వేలు పెట్టి తడమండి. ఉబ్బు గాని, రంగులో ముడత గాని తగిలితే ఆ సైకిల్ ఎక్కడో ఎదురుగా గుద్దుకుంది, వదిలేయండి. సీటు గొట్టం పైకీ కిందికీ కదులుతోందా చూడండి. తుప్పుతో పట్టేసి ఉంటే దాన్ని ఊడదీయడం పెద్ద పని. వెనక చక్రం ఎడం 126 మిల్లీమీటర్లుంటే ఆరేడు పళ్ళచక్రాల కాలంది. 130 మిల్లీమీటర్ల కొత్త చక్రం పెట్టాలంటే మంచి మెకానిక్ ఉక్కు కొమ్మలని చల్లగానే కొద్దిగా వెడల్పు చేస్తాడు, ఉక్కు కాబట్టి కుదురుతుంది. ఆఖరున చైను మీద పన్నెండు జతల లింకులు కొలవండి. కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు ఎక్కువుంటే చైను మార్చాలి, ఎనిమిదో వంతుకి చేరితే పళ్ళచక్రాలు కూడా అరిగిపోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.